వాయుగుండం దాటిన పొద్దున వెలిగొండల్ని ఫొటో తీయడం ఎలా

నవంబర్ వచ్చిందంటే నాకు ఒకటే ప్రశ్న. "అన్నా, వాన వెలిసింది గదా, ఉదయగిరి దుర్గం తీయడానికి ఏ లెన్స్ పట్టుకుపోవాలి?" లెన్స్ సంగతి మూడో మాట. ఏ రోజు పోవాలన్నది మొదటి మాట, ఎక్కడ నిలబడాలన్నది రెండోది. ఈ రెండూ కుదిరితే పదిహేను వేల ఫోన్లో కూడా బొమ్మ వస్తుంది. కుదరకపోతే రెండు లక్షల కెమెరాలోనూ బూడిదరంగు గుట్టే కనపడుతుంది.

ఇది నెల్లూరు, ప్రకాశం వైపు నుంచి వెలిగొండల్ని (తూర్పు కనుమల్లో ఒక కొండల వరుస) తీసేవాళ్ళ కోసం. ఉదయగిరి దుర్గం, పెంచలకోన, సోమశిల, సి.ఎస్.పురం వైపు భైరవకోన, నేను ఎక్కువగా తిరిగేది ఇక్కడే. దుర్గం ఎత్తు 3079 అడుగులు, హిమాలయాల ముందు అది లెక్కలోకే రాదు. కానీ చుట్టూ ఉన్న మెట్ట నేల మీంచి ఒక్కసారిగా లేస్తుంది కాబట్టి ముసురు పట్టినప్పుడు మబ్బు దాని నడుముకే చుట్టుకుంటుంది. మనం తీయబోయేది ఆ మబ్బు విడిపోయే గంటా రెండు గంటల్ని.

1. ఏ వాయుగుండం, ఏ పొద్దున

వాన ఆగిన ప్రతి పొద్దునా పనికిరాదు. తుపాను మనకి ఏ వైపు తీరం దాటిందో చూడండి, సగం జవాబు అక్కడే ఉంటుంది.

మనకి ఉత్తరంగా దాటితే, అంటే 2023 డిసెంబర్ 5న మిగ్‌జాం బాపట్ల దగ్గర దాటినట్టు, మనవైపు గాలి పడమటి నుంచి వీస్తుంది. భూమ్మీద నుంచి వచ్చే గాలి కాబట్టి తేమ తక్కువ, తెరిపి తొందరగా ఇస్తుంది. దక్షిణంగా దాటితే, 2022 డిసెంబర్ 9 రాత్రి మాండూస్ మహాబలిపురం దగ్గర దాటినట్టు, మనకి తూర్పు గాలే సాగుతుంది, సముద్రం మీద తేమంతా మోసుకొస్తూనే ఉంటుంది. అలాంటప్పుడు తొందరపడి మర్నాడే పోకండి, ఇంకో రోజు ఆగండి.

నేను చూసుకునేవి ఇవి:

- ఐఎండీ (భారత వాతావరణ శాఖ) బులెటిన్‌లో తీరం దాటిన చోటు, టైము.
- ఉపగ్రహ చిత్రంలో మబ్బుల పడమటి అంచు. ఆ అంచు కడప వైపు నుంచి మన మీదికి జరుగుతుంటే తెల్లారికి తెరిపి వచ్చే అవకాశం ఉంది.
- శ్రీహరికోట, చెన్నై, మచిలీపట్నం రాడార్లలో ఏది అందితే అది. వాన గడ్డలు చెల్లాచెదురై చిన్నవవుతున్నాయా లేదా.
- గాలి యాప్‌లో రేపు పొద్దున 5 నుంచి 9 దాకా గాలి దిక్కు, పై మబ్బు ఎంత, కింది మబ్బు ఎంత.

ఆకాశం పూర్తిగా ఖాళీగా ఉంటుందని చూపిస్తే సంబరపడకండి. అసలు మబ్బే లేకపోతే కొండ చక్కగా కనపడుతుంది గానీ బొమ్మ కాదు. కింది మబ్బు ముప్పై నలభై శాతం ఉన్న పొద్దునకే నేను అలారం పెడతాను.

ఇంకో సంగతి. వాన గాలిలోని దుమ్మునంతా కడిగేస్తుంది, అందుకే మొదటి రోజు ఇరవై ముప్పై కిలోమీటర్ల అవతలి వరుస కూడా చెక్కినట్టు కనపడుతుంది. రెండు మూడు రోజులయ్యేసరికి తడినేల మీద రాత్రి చల్లదనానికి పొగమంచు పడుతుంది, ఇళ్ళ పొగ, దుమ్ము దాంట్లో కలుస్తాయి. పొగమంచు కావాలంటే మూడో రోజు పోండి, స్పష్టత కావాలంటే మొదటి రోజు. రెండూ ఒకే పొద్దున అడగకండి.

2. ఎండ కాసే రోజే వెళ్ళి చోటు చూసుకోండి

ఈ పని ఎవరూ చేయరు. అక్టోబర్ లోనే ఒక ఆదివారం పెట్టుకుని, కెమెరా లేకుండా పోయినా సరే, చోటు చూసి రండి. చీకట్లో, బురదలో, కరెంటు తీగ అడ్డం లేని చోటు కోసం వెతుక్కుంటుంటే తెల్లారిపోతుంది.

ఇప్పుడు దిక్కులు. వాస్తు పుణ్యమా అని ఇది మనవాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు. డిసెంబర్‌లో మన దగ్గర పొద్దు సరిగ్గా తూర్పున పొడవదు, ఆగ్నేయం వైపు సుమారు 24 డిగ్రీలు జరిగి పొడుస్తుంది. వెలిగొండలు ఉత్తర దక్షిణాలుగా సాగే వరుస, మనం ఉన్నది దానికి తూర్పున. అందుకే మనవైపు నుంచి ఇవి పొద్దున తీయాల్సిన కొండలు. సాయంత్రం సూర్యుడు వాటి వెనక్కే దిగుతాడు, నల్లటి అంచు మాత్రం మిగులుతుంది. అది కావాలంటే వేరే సంగతి. సాయంత్రపు ఎండ కొండ మొహాన పడాలంటే మాత్రం అవతలికి, బద్వేలు వైపుకి పోవాల్సిందే.

పొద్దున కదా అని నేరుగా పడమటికి తిరిగి తీస్తే ఎండ మీ వీపు మీద, కొండ మొహం మీద పడుతుంది. నీడలన్నీ కొండ వెనక దాక్కుంటాయి, మడతలు కనపడవు, గోడకి అంటించిన కాగితంలా ఉంటుంది. పడమర నుంచి కొంచెం వాయవ్యానికి తిరిగితే ఇంకా అన్యాయం.

రెండు చోట్లు బాగా పనిచేస్తాయి:

- కొండకి ఈశాన్యాన నిలబడి నైరుతి వైపు చూడటం. ఎండ మీ ఎడమ పక్క నుంచి వస్తుంది.
- వరుసకి దక్షిణంగా, దాని తూర్పు అంచు దగ్గరగా నిలబడి ఉత్తరం వైపు, వరుస పొడవునా చూడటం. ఎండ కుడి పక్క నుంచి వస్తుంది, ఒక్కో చరియ నీడ పక్క చరియ మీద పడుతుంది.

ఇల్లు కొనేటప్పుడు ఈశాన్యం పెరిగిందా అని టేపు పట్టుకుని కొలిచేవాళ్ళం, ఫొటోకి కూడా ఆ పాటి శ్రద్ధ పెట్టొచ్చు.

చోటు చూసేటప్పుడు రాసుకోవాల్సినవి:

- ముందు భాగంలో ఏముంది: చెరువు, దమ్ము చేసిన మడి, తాటిచెట్ల వరుస, రాళ్ళ గుట్ట. దమ్ము చేసిన మడిలో నీళ్ళు కదలవు, చెరువు కంటే మంచి అద్దం అదే.
- స్తంభాలు, తీగలు, సెల్ టవర్.
- బండి ఆపే చోటు. రోడ్డు అంచు వానకి మెత్తబడుతుంది, కారు దిగబడితే ట్రాక్టర్ దాకా పోతుంది కథ.
- ఎవరి పొలం. ముందే పలకరించి పెట్టుకోండి. నారుమడి గట్టు తొక్కి విరగ్గొడితే ఎవరికైనా కోపం వస్తుంది.
- మొదటి చోటు కుదరకపోతే పదిహేను నిమిషాల్లో చేరగలిగే రెండో చోటు.

సోమశిల వైపు పోయేవాళ్ళు డ్యామ్ మీదికి, గేట్ల దగ్గరికి అనుమతి లేకుండా పోవద్దు. గేట్లు ఎత్తినప్పుడు కింద పెన్నలోకి అసలే దిగొద్దు. పెంచలకోన చుట్టూ అడవి అభయారణ్యం, గుడి దగ్గర, రోడ్డు మీద తీసుకోండి, లోపలికి పోవాలంటే అటవీ శాఖ వాళ్ళ అనుమతి తీసుకోండి. డ్రోన్ కూడా అంతే, అడగకుండా ఎగరేయొద్దు.

3. ముందు రోజు రాత్రి బ్యాగ్ సర్దడం

కెమెరా ఏదైనా సరే, కొండకి ఎక్కువగా పనికొచ్చేది జూమ్ లెన్స్. కొత్తవాళ్ళంతా వైడ్ లెన్స్ (ఎక్కువ వెడల్పు పట్టేది) పెట్టుకుని వస్తారు, వైడ్‌లో కొండ చిన్నదైపోతుంది, ఆకాశం, బురద పెద్దవైపోతాయి. నా మంచి ఫొటోలు చాలావరకు 70 నుంచి 200 మిల్లీమీటర్ల మధ్యలోవే.

- 70–200 లేదా 70–300 లెన్స్, దాంతో పాటు మామూలు 24–70 లేదా 18–55
- ట్రైపాడ్, దాని ప్లేటు (ప్లేటు ఇంట్లో పాత కెమెరాకే బిగించి ఉండిపోతుంది, చూసుకోండి)
- పోలరైజర్ (మెరుపు తగ్గించే, తిప్పే ఫిల్టర్)
- నాలుగు మెత్తటి లెన్స్ గుడ్డలు, విడివిడిగా జిప్ కవర్లలో. ఒకటి తడిస్తే ఇక అది పనికిరాదు
- పాత తువ్వాలు, పెద్ద పాలిథిన్ కవర్, రబ్బరు బ్యాండ్లు
- రెండు బ్యాటరీలు, ఖాళీ కార్డు
- తలకి పెట్టుకునే టార్చి, గొడుగు, పట్టు ఉన్న చెప్పులు లేదా బూట్లు
- మంచినీళ్ళు, బిస్కెట్లు (ఇది తిండి కోసం కాదు, ఎందుకో ఆరో అంకెలో చెప్తాను)

రాత్రి లాడ్జిలో పడుకుంటే బ్యాగ్‌ని ఏసీ గదిలో పెట్టుకోవద్దు. ఏసీలో చల్లబడ్డ లెన్స్‌ని తెల్లారగట్ల బయటి తేమగాలిలోకి తీస్తే అద్దం మీద ఆవిరి పడుతుంది, తుడిచినకొద్దీ మళ్ళీ పడుతుంది, సరిగ్గా వెలుగొచ్చే టైముకి మీరు గుడ్డ పట్టుకుని కూర్చుంటారు. కార్లో పోతున్నా ఏసీ ఆపి కిటికీ దించుకుని పోండి. చలేస్తే స్వెట్టర్ వేసుకోండి.

4. దారి

నెల్లూరు నుంచి ఉదయగిరి ఆత్మకూరు మీదుగా దాదాపు వంద కిలోమీటర్లు. మామూలు రోజుల్లో రెండు గంటలంటారు, వాన తర్వాత గుంతల లెక్క వేరు. నేనైతే ముందు రోజు సాయంత్రమే పోయి ఉంటాను.

చప్టా మీద నీళ్ళు పారుతుంటే బండి దించొద్దు. మోకాలి లోతే కదా అనిపిస్తుంది, చీకట్లో కింద రోడ్డు ఉందో కొట్టుకుపోయిందో తెలియదు. వెనక్కి తిరిగి టీ తాగి ఇంటికి పోండి, వాయుగుండాలకు మన జిల్లాలో కరువు లేదు. ఉరుములు వినపడుతుంటే ట్రైపాడ్ పట్టుకుని గట్టు మీద నిలబడొద్దు. దుర్గం మెట్ల దారి తడిస్తే జారుడుబల్ల, తెల్లవారుజామున ఒక్కరే ఎక్కొద్దు. నిజానికి ఎక్కాల్సిన అవసరం కూడా లేదు, కొండ మీద నిలబడితే ఆ కొండ ఫొటోలో ఉండదు. ఎక్కడికి పోతున్నారో ఇంట్లో చెప్పండి, ఏదైనా అయితే 112.

5. చీకట్లో చేరాక మొదటి పావుగంట

పొద్దు పొడుపుకి కనీసం నలభై నిమిషాల ముందు చోటులో ఉండాలి. ఉదయగిరి దగ్గర నవంబర్ చివర 6:20కి అటూ ఇటూ, డిసెంబర్ మధ్యకి 6:30, జనవరి మధ్యలో 6:40.

1. ట్రైపాడ్ కాళ్ళు వెడల్పుగా, కిందికి పెట్టండి. మధ్య కడ్డీ పైకి లేపొద్దు. వాయుగుండం వెనకాల గాలి ఇంకా ఉంటుంది, లేపిన కడ్డీ వీణ తీగలా వణుకుతుంది.
2. బురద నేలయితే ప్రతి కాలి కింద ఒక చదును రాయి. లేకపోతే పది నిమిషాల్లో ఒక పక్కకి దిగుతుంది, ఫొటోలన్నీ ఒరిగి ఉంటాయి.
3. బ్యాగ్ ట్రైపాడ్‌కి వేలాడదీస్తే అది నేలని ఆనుకునేలా వేలాడదీయండి. గాల్లో ఊగితే లాభం కంటే నష్టం ఎక్కువ.
4. లెన్స్ స్టెబిలైజర్ (చేతి వణుకు తగ్గించే ఏర్పాటు) ఆపండి. రెండు సెకన్ల టైమర్ పెట్టండి.
5. రా ఫైల్ (కెమెరా సవరించని ముడి ఫైల్), ఐఎస్ఓ (వెలుగుకి స్పందించే స్థాయి) 100, అపర్చర్ (లెన్స్ రంధ్రం) ఎఫ్8, వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) ఎండ గుర్తు మీద. ఆటోలో పెడితే తెల్లారగట్ల నీలాన్ని, తొలి ఎండ పసుపుని కెమెరా చక్కగా చదును చేసి పెడుతుంది, మనం వచ్చిందే వాటి కోసం.
6. లెన్స్ ముందు అద్దం మీద టార్చి ఏటవాలుగా వేసి చూడండి. తుంపర చుక్క ఒక్కటున్నా ఎండలో తెల్లటి మచ్చవుతుంది.

ఫోకస్ ఇక్కడే చెప్పేస్తాను. మబ్బు మీద ఆటోఫోకస్ పట్టదు, ముందుకీ వెనక్కీ తిరుగుతూనే ఉంటుంది. కొండ అంచు ఆకాశాన్ని తాకే గీత మీద, లేదా ఒక తాటిచెట్టు మీద ఫోకస్ పెట్టి, స్క్రీన్ మీద పెద్దది చేసి చూసి, మాన్యువల్‌కి మార్చేయండి. జూమ్ మార్చిన ప్రతిసారీ మళ్ళీ చూసుకోండి.

6. వెలుగు వచ్చే వరస

ఇది తెలిస్తే మిగతాదంతా సులువు. నాలుగు దశలుగా వస్తుంది, ప్రతిదానికీ తీరు వేరు.

మొదటిది నీలం. పొడుపుకి ఇరవై అయిదు నిమిషాల ముందు. కొండ నల్లగా, మబ్బు నీలంగా ఉంటుంది. షట్టర్ రెండు మూడు సెకన్లు పడుతుంది. ఊళ్ళో లైట్లు వెలుగుతుంటే వాటిని ఫ్రేములో కింద ఒక మూల ఉంచండి, కొండ ఎంత పెద్దదో అవే చెప్తాయి.

రెండోది గులాబీ పట్టీ. చాలామంది తూర్పుకి తిరిగి ఉంటారు కాబట్టి దీన్ని చూడను కూడా చూడరు. పొడుపుకి ఓ పావుగంట ముందు పడమటి ఆకాశంలో అడుగున బూడిద కలిసిన నీలం పట్టీ, దానిపైన లేత గులాబీ పట్టీ వస్తాయి. ఆ నీలం మన భూమి నీడే. సూర్యుడు పైకొచ్చేకొద్దీ ఆ నీడ కిందికి దిగి కొండ వెనక్కి పోతుంది. మన కొండలు పడమటే ఉన్నాయి కాబట్టి ఈ పట్టీ సరిగ్గా వాటి నెత్తిన కూర్చుంటుంది. పడమటి ఆకాశం తేరుకుని ఉన్న పొద్దున మాత్రమే, అయిదారు నిమిషాలు. దీనికి మాత్రం నేరుగా పడమటికి తిరిగినా ఫర్వాలేదు, ఎండే లేదు కాబట్టి చదును సమస్య లేదు. గులాబీ సగం, కొండ సగం పెట్టండి, ముందు భాగం వద్దు.

మూడోది శిఖరం మీద తొలి ఎండ. కింద ఊరు నీడలో ఉండగానే కొండ నెత్తి ఎర్రబడుతుంది, ఆ గీత నెమ్మదిగా చరియ దిగుతుంది. వెలిగొండ రాయి క్వార్ట్‌జైట్, తడిసి ఉంటే రాగి చెంబు తోమినట్టు మెరుస్తుంది. జూమ్ పెట్టండి. కొండంతా వద్దు, గీత ఉన్న చోటు చాలు. ఈ దశలో పోలరైజర్ తిప్పి చూడండి, తడి రాతి మీద తెల్లటి మెరుపు పోయి రంగు బయటికి వస్తుంది. పోలరైజర్ ఆకాశం మీద బాగా పనిచేసేది ఎండ మీ పక్క నుంచి వస్తున్నప్పుడే, వీపు వెనక ఉంటే ఆకాశంలో ఏ మార్పూ ఉండదు. వైడ్ లెన్స్‌కి పెడితే ఆకాశం ఒక మూల ముదురుగా, ఒక మూల లేతగా వస్తుంది, తీసేయండి.

నాలుగోది మబ్బు లేవడం. అసలు బొమ్మ ఇక్కడే. 7 నుంచి 9 లోపు ఎండ తగిలేకొద్దీ తడిసిన అడవి ఆవిరి వదులుతుంది, లోయల్లో పడుకున్న మబ్బు పాయలు పాయలుగా లేస్తుంది. కొండ ఒకసారి కనపడుతుంది, ఒకసారి మాయమవుతుంది. ట్రైపాడ్ కదపకుండా, ఫ్రేము మార్చకుండా, మబ్బు మారినప్పుడల్లా ఒకటి తీస్తూ ఉండండి. మంచిది ఏదో అక్కడ తెలియదు, ఇంట్లో తెలుస్తుంది.

చాలాసార్లు మూడో దశ అసలు రాదు. తుపాను వెళ్ళినా బంగాళాఖాతం మీద మబ్బు గోడ మిగిలి ఉంటుంది, పొద్దు ఆ గోడ ఎక్కి వచ్చేసరికి ఏడున్నర అవుతుంది. అందరూ ఇక్కడే ఓడిపోతారు. నేనూ ఓడిపోయాను. మిగ్‌జాం వెళ్ళాక ఒక పొద్దున ఏడుం పది దాకా చూశా, బూడిద తప్ప ఏమీ లేదు, ట్రైపాడ్ మడిచేస్తున్నా. మేకలు తోలుకుపోతున్న ఒక పెద్దాయన ఆగాడు.

"ఏంది అబ్బయ్యా, అప్పుడే పోతండావే?"

"ఏముంది పెద్దాయనా, కొండే కనపడటం లేదు."

"మబ్బు లేస్తేగదా కొండ కనపడేది. ఇంకా లెయ్యలా."

నాకు ఆకలి, ఆయన మాట చెవికెక్కలేదు. ఊళ్ళోకొచ్చి కారం దోశ చెప్పా. సగం తిన్నానో లేదో, హోటల్ గుమ్మంలోంచి చూస్తే ఎదురుగా కొండ నడుము మీద ఒకే ఒక్క బంగారు ముక్క, దానిపైన మబ్బు, కింద మబ్బు. చెయ్యి కడక్కుండానే పరిగెత్తా. బండి తీసి గట్టు దగ్గరికి చేరేసరికి పదకొండు నిమిషాలు. మామూలు ఎండ, మామూలు కొండ. పెద్దాయన మేకలు గట్టు కింద మేస్తున్నాయి, ఆయన నావైపు చూసి ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధనిపించింది.

బిస్కెట్లు అందుకు. తొమ్మిది దాకా కదలొద్దు.

7. ఎక్స్‌పోజర్: కెమెరా మాట ఎప్పుడు వినకూడదు

కెమెరాకి ప్రపంచమంతా మధ్యరకం బూడిదగా ఉండాలని కోరిక. ఫ్రేము నిండా తెల్లటి మబ్బు ఉంటే దాన్ని బూడిద చేస్తుంది. అప్పుడు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ని (కెమెరాలో +/- గుర్తు) ప్లస్ 0.7 నుంచి ప్లస్ 1 దాకా పెంచండి. ఫ్రేము నిండా నల్లటి కొండ, మధ్యలో చిన్న ఎండ ముక్క ఉంటే దానికి తిరగబడి, నలుపుని బూడిద చేయబోయి ఎండ ముక్కని కాల్చేస్తుంది. అప్పుడు మైనస్ 1 దాకా తగ్గించండి. నా దోశ నాటి బంగారు ముక్క దొరికి ఉంటే అలాగే తీసేవాణ్ణి.

మొదలుపెట్టడానికి అంకెలు, ఎఫ్8, ఐఎస్ఓ 100 మీద:

- నీలం వేళ: 2–4 సెకన్లు
- గులాబీ పట్టీ: అర సెకను నుంచి 1/8
- తొలి ఎండ: 1/60 దగ్గర
- ఏడున్నర తర్వాత నిండు ఎండ: 1/250 దగ్గర

ఇవి మొదటి క్లిక్కు కోసమే. ఆ తర్వాత హిస్టోగ్రామ్ (ఫొటోలో నలుపు నుంచి తెలుపు దాకా ఎంతెంత ఉందో చూపే గ్రాఫ్) చూడండి, అది కుడి గోడకి గుద్దుకుంటే వెలుగు తగ్గించండి. స్క్రీన్ వెలుగు చూసి నిర్ణయించొద్దు, చీకట్లో ప్రతి ఫొటో వెలిగిపోతున్నట్టే ఉంటుంది. నీడలు నల్లగా ఉంటే భయం లేదు, రా ఫైల్లో లేపొచ్చు. కాలిపోయిన తెలుపు మాత్రం తిరిగి రాదు.

ఎఫ్16, ఎఫ్22 వద్దు. అంతా షార్ప్‌గా వస్తుందనుకుంటారు, మరీ చిన్న రంధ్రంలోంచి పోయేటప్పుడు కాంతి చెదిరి మొత్తం మెత్తబడుతుంది. పెంచలకోన, భైరవకోనల్లో జలపాతం నురగలా తీయాలంటే ఎఫ్11, పోలరైజర్, అర సెకను చాలు.

8. ఫోన్ మాత్రమే ఉంటే

ఏం ఫర్వాలేదు. వేళ్ళతో సాగదీసే జూమ్ మాత్రం వాడొద్దు, ఫోన్లో విడిగా 2ఎక్స్ లేదా 3ఎక్స్ లెన్స్ ఉంటే దాని దాకానే. కొండ అంచు మీద వేలు నొక్కి పట్టుకుంటే ఫోకస్, వెలుగు లాక్ అవుతాయి, తర్వాత సూర్యుడి గుర్తుని కొంచెం కిందికి లాగండి. ప్రో మోడ్, రా ఉంటే వాడండి. ఫోన్‌ని బండి సీటు మీదో, గట్టు రాయి మీదో ఆనించి టైమర్‌తో తీయండి. జేబులోంచి తీసిన ఫోన్ లెన్స్ మీద ఎప్పుడూ నూనె మరక ఉంటుంది, బనీను అంచుతో అయినా సరే తుడవండి. పొగమంచు ఫిల్టర్ వేసినట్టు వచ్చిందని మురిసిపోయిన ఫొటోల్లో సగం ఆ మరకే.

9. పదేపదే చూసే తప్పులు

కొండ ఒరిగి ఉండటం. కొండ అంచు ఏటవాలుగా ఉంటుంది కాబట్టి కన్ను మోసపోతుంది. నీటి అంచుని, లేకపోతే తాటిచెట్టు నిలువుని చూసి సరిచేయండి.

ఫొటో నిండా ఆకాశం. మబ్బు బాగుంటే మూడింట రెండు వంతులు ఇవ్వండి, బాగోకపోతే పైన ఒక వేలెడు చాలు. సగానికి సగం పెట్టడం అలవాటుగా చేయొద్దు.

చెరువులో నీడ చెదిరిపోవడం. గాలి ఉంది. ఇంకా కిందికి వంగి, ఒడ్డు దగ్గర నిలిచిన గుంట నీళ్ళలో చూడండి. బండి టైరు గాడిలో నిలిచిన నీళ్ళలో దుర్గం మొత్తం పట్టింది నాకొకసారి.

అన్ని ఫొటోలూ ఒకేలా ఉండటం. ఒక్క చోటే నిలబడి తీయడం వల్ల కాదు, ఒకే జూమ్‌లో తీయడం వల్ల. ఒక దశ అయ్యాక ఇంకో దశకి జూమ్ మార్చండి, మనిషో, ఎద్దుల జతో దారిలో వస్తే ఫ్రేములోకి వచ్చేదాకా ఆగండి. వాళ్ళని దగ్గరగా తీస్తే అడిగి తీయండి.

లెన్స్ లోపల ఆవిరి. ఎండలో పెట్టి ఆరబెడతాం అనుకుంటారు, వద్దు. గుడ్డలో చుట్టి, గాలి తగిలే నీడలో వదిలేయండి.

10. అసలు మంచు కొండలకి పోయేవాళ్ళకి

మనకి పొగమంచూ మంచే, హిమమూ మంచే, భాషలోనే సర్దుకున్నాం. కెమెరా సర్దుకోదు. ఔలీ నుంచి నందాదేవిని తీసినా, డార్జిలింగ్ టైగర్ హిల్ నుంచి కాంచనజంగని తీసినా సూత్రం ఇక్కడిదే, అంకెలే మారతాయి. అక్కడ శీతకాలపు గాలివానలు తెచ్చేది పడమటి నుంచి వచ్చే అలజడులు, డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా. ఒక అలజడి దాటాక తేరుకున్న మొదటి పొద్దునే పట్టుకోవాలి.

- కొత్త మంచు మీద ఎండ పడితే ప్లస్ 1 నుంచి ప్లస్ 1.7. లేకపోతే మంచు సిమెంటులా వస్తుంది.
- నీడలో మంచు నీలంగా ఉంటుంది, అది తప్పు కాదు, సరిచేయబోకండి.
- చలికి బ్యాటరీ చప్పున పడిపోతుంది. రెండోది చొక్కా లోపలి జేబులో, ఒంటి వేడికి పెట్టుకోండి.
- ఇక్కడ ఏసీ గదిలోంచి బయటికొస్తే ఆవిరి పడితే, అక్కడ బయటి నుంచి వెచ్చటి గదిలోకి పోతే పడుతుంది. కెమెరాని బయటే కవర్లో పెట్టి మూతి బిగించి, లోపల గంట సేపు విప్పకుండా ఉంచండి.
- మంచు జారే చరియల కింద నిలబడొద్దు. అక్కడివాళ్ళు వద్దన్న చోటికి పోవద్దు, బొమ్మ కోసం బతిమాలొద్దు.

11. ఇంటికొచ్చాక

ముందు కెమెరా సంగతి. బ్యాగంతా విప్పి, ప్రతి జిప్పూ తెరిచి, ఫ్యాన్ కింద రాత్రంతా పెట్టండి. తడి బ్యాగ్‌లో మూసిపెడితే లెన్స్ లోపల బూజు పడుతుంది, మన తేమకి అదెంతో కాలం పట్టదు. ట్రైపాడ్ కాళ్ళు మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టండి. ఆరాక బ్యాగ్‌లో సిలికా జెల్ పొట్లాలు.

ఫొటోలు రెండు చోట్ల కాపీ చేశాకే కార్డు ఖాళీ చేయండి. ఎడిటింగ్ ఈ వరసలో:

1. ఒరుగు సరిచేయడం, కత్తిరింపు.
2. వైట్ బ్యాలెన్స్. 5200 కెల్విన్ దగ్గర మొదలుపెట్టండి, నీలం వేళ ఫొటోని పసుపు చేయొద్దు.
3. తెలుపుల్ని కిందికి, నీడల్ని కొంచెం పైకి. నీడలన్నీ లేపితే పొద్దున కాస్తా మధ్యాహ్నం అవుతుంది.
4. డీహేజ్ (మసక తగ్గించే స్లైడర్) 10 దాటొద్దు. మబ్బు కోసం తెల్లవారుజామున లేచి వెళ్ళి, ఇంటికొచ్చి దాన్నే తుడిచేసేవాళ్ళని చాలామందిని చూశాను.
5. పచ్చ రంగు తగ్గించండి. వాన తర్వాత పచ్చ ఎలాగూ ఎక్కువే, ఫోన్ దాన్ని ఇంకా చిలకపచ్చ చేసి ఇస్తుంది.
6. షార్ప్‌నెస్ కొండ మీదే వేయండి, మబ్బు మీద వద్దు.

ప్రింటు వేయించేవాళ్ళు స్క్రీన్ మీద ఉన్నదానికంటే కాస్త వెలుగు పెంచి ఇవ్వండి, కాగితం మీద ఎప్పుడూ ముదురుగానే వస్తుంది.

చివరగా ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. తేదీ, తుపాను ఎక్కడ దాటింది, గాలి ఏ వైపు, నిలబడిన చోటు, వెలుగు వచ్చిన టైము. వచ్చే ఏడు మళ్ళీ యాప్‌లన్నీ తిరగేయక్కర్లేదు. నా పుస్తకంలో ఆ దోశ రోజు పేజీ ఇలా ఉంది: "ఉదయగిరి, ఊరికి ఈశాన్యాన చెరువు గట్టు. పడమటి గాలి. తూర్పున మబ్బు గోడ. 7:10కి వచ్చేశా. 7:32కి వెలుగు. ఫొటో లేదు. దోశ బాగుంది."